అన్నయ్యను దాటిన వేసవి

ఆ ఏడు హోలీ వెళ్ళిన మొదటి ఆదివారం దల్మా కొండ మీద మా అన్నయ్యను దాటాను. అంతకుముందు నేనే కాదు, జంషెడ్‌పూర్‌లో రేసు సైకిళ్ళు తొక్కే కుర్రాళ్ళలో ఎవరూ ఆ ఎక్కుడు మీద హరికిరణ్‌ను దాటినట్టు నాకు తెలియదు.

సీతారాండేరాలో మా ఇంటి నుంచి తెల్లవారుతుండగా బయల్దేరేవాళ్ళం. మానగో వంతెన దాటి, హైవే మీద లారీల పక్కన ఒదిగి ఒదిగి తొక్కితే అడవి గేటు వస్తుంది. అక్కణ్ణుంచి రోడ్డు ఇక పైకే. మొదట్లో పరవాలేదు, సాల చెట్ల నీడ ఉంటుంది. సగం దారిలో అటవీశాఖ వాళ్ళ విడిది ఒకటి ఉంది. అది దాటాక రోడ్డు మొహం మీదికి లేచి నిలబడుతుంది. తారు పోయి కంకర తేలిన చోట్ల సీటు మీంచి లేస్తే వెనక చక్రం జారుతుంది, లేవకపోతే సైకిలు ముందుకు కదలదు. అక్కడ ఎలా తొక్కాలో నాకు అన్నయ్యే నేర్పాడు. పైకి చూడకు, ముందు చక్రం దగ్గరే చూడు అనేవాడు. పాత సామాన్లు ఏరుకొచ్చి నా సైకిలు బిగించి ఇచ్చింది కూడా వాడే.

ఆ రోజు నేను ముందు చక్రం దగ్గరే చూస్తూ తొక్కుతున్నాను. ఆ చూపులోకి ఇంకో చక్రం వచ్చింది. తలెత్తితే అన్నయ్య. నోరు తెరుచుకుని గాలి లాగుతున్నాడు. ఆ లాగడంలో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. నేను ఆగలేదు. అక్కడ కాలు కింద పెడితే మళ్ళీ ఎక్కి తొక్కడం కుదరదు. దాటేశాను.

కొండ కొసన ఉన్న గుడి గోడకి సైకిలు ఆనించి రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చాడు. తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ. అన్నయ్య ఆ కొండ మీద సైకిలు దిగి నడవగా నేనెప్పుడూ చూడలేదు.

"చైను జారింది," అన్నాడు. కాస్త ఊపిరి తిరిగాక నవ్వి, "ఆజ్ తేరా దిన్ థా, ఉజ్వలా," అన్నాడు. ఇవాళ నీ రోజు అని. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలోనే. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగినా మా జవాబులు హిందీలోనే ఉంటాయి.

చైను జారితే ఎక్కించుకున్న వాడి వేళ్ళకి గ్రీజు అంటుకోవాలి. అన్నయ్య చేతులు శుభ్రంగా ఉన్నాయి. అది చూశాను. కానీ ఆ పూట గెలిచిన సంతోషం ముందు ఇంకేదీ నా బుర్రలో నిలవలేదు.

ఇంటికొచ్చి అమ్మకీ నాన్నకీ చెప్పాను. నాన్న బంగార్రాజు టాటానగర్ లోకో షెడ్‌లో ఫిట్టరు. ఆదివారం ఆయనకి నిద్ర రోజు. మంచం మీంచే మొహం ఇటు తిప్పాడు.

"ఏటిరా, సెల్లి సేతిలో ఓడిపోయినావేటి?"

అన్నయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గకపోయేసరికి వసారాలోకి వెళ్ళిపోయాడు.

"సలికాలం నుంచీ అదే దగ్గు. మందు తెచ్చుకోరా అంటే ఇంటాడా?" అంది అమ్మ.

* * *

అన్నయ్య పని ఊరి బయట ఒక మిల్లులో. పలుగురాళ్ళని పిండి చేసే మిల్లు. ఉక్కు కరిగించే కొలుముల లోపల గోడలకి ఆ పిండిని దట్టిస్తారు. ఐటీఐ చదివిన అన్నయ్యకి షిఫ్టు చూసుకునే పని ఇచ్చారు. నాలుగేళ్ళుగా అక్కడే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అమ్మ వాడి బట్టలు విడిగా నానబెట్టేది. బకెట్ అడుగున ముగ్గుపిండి పేరుకున్నట్టు పేరుకునేది. అమ్మ ఆ మాట పైకే అంటే, అన్నయ్య నిజంగానే ఒక సంచి నిండా పిండి తెచ్చి ఇచ్చాడు. మెత్తగా, తెల్లగా, చేతిలోంచి నీళ్ళలా జారేది. గుమ్మం ముందు అమ్మ ముగ్గులు చూసి పక్కింటి బెంగాలీ వాళ్ళు కూడా దోసిలితో అడిగి తీసుకెళ్ళారు.

చైత్రం వచ్చేసరికి అన్నయ్య చొక్కాలు వదులయ్యాయి. బజార్లో క్లినిక్ పెట్టుకున్న ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అన్నాడు. గోళీలు ఇచ్చాడు. అమ్మ వాడి కంచం, గ్లాసు వేరు చేసింది. వేరు చేసినందుకు వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

"సైకిలు మీద కొండలెక్కీవాడికి టీబీ ఏటి?" అన్నాడు నాన్న. ఆయనకి సైకిలంటే ఎప్పుడూ పడదు. అయినా ఆ రోజు మాత్రం అదొక సాక్ష్యంలాగా అన్నాడు.

గోళీలు మింగుతూనే పనికి వెళ్ళేవాడు. ఆదివారం కొండకీ వచ్చేవాడు. జూన్ మొదట్లో రాష్ట్రం జట్టుకి ఎంపిక ఆ దల్మా రోడ్డు మీదే పెడుతున్నారు. ఆడపిల్లల్లో ముందొచ్చిన ముగ్గురిని తీసుకుంటారు. నన్ను ఆ ముగ్గురిలో చూడాలని అన్నయ్య పట్టుదల. నేను పైన ఎదురుచూసే సేపు వారం వారం పెరిగింది. ఒక వారం గుడి దాకా రాలేదు. దిగి వెతుక్కుంటూ వస్తే విడిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎండ ఎక్కువైంది," అన్నాడు.

అప్పటికి ఎండ ఇంకా చెట్ల కొమ్మల్లోనే ఉంది.

* * *

గోళీలతో తగ్గకపోగా మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. నాన్న షెడ్‌లో సెలవు పెట్టి వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అక్కడ ఉన్నది నడివయసు డాక్టరమ్మ. ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసింది. దించి బల్ల మీద పెట్టి అన్నయ్యను అడిగింది, "ఏం పని చేస్తావు?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన డాక్టరు ఆవిడొక్కతే.

అన్నయ్య చెప్పాడు. పలుగురాళ్ళ మిల్లు అనగానే ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

"మీతో పనిచేసేవాళ్ళంతా బాగున్నారా?"

అన్నయ్య నేల చూశాడు. "పింటూ పోయాడు. వాడి తర్వాత ఇంకొకతను. ఇద్దరు పని మానేసి ఊళ్ళకి వెళ్ళిపోయారు. మంచాల మీద ఉన్నారని విన్నాను."

పింటూ మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చిన కుర్రాడు. అమ్మ చేతి పులుసు వాడికి ఇష్టం. చలికాలంలో పోయాడు.

"పింటూకి కామెర్లన్నావు కదరా," అన్నాడు నాన్న.

అన్నయ్య ఎక్స్‌రే కవరు మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

ఇది టీబీ కాదని, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ పొడి బయటికి రాదు. పనిలోకి ఇక ఒక్క రోజు కూడా వెళ్ళకూడదు.

"వెళ్ళకపోతే తగ్గుతుందా మేడమ్?" అని నాన్న తన షెడ్డు హిందీలో అడిగాడు.

"ఇంకా చేరకుండా ఉంటుంది," అందావిడ. ఆ జవాబు నాన్నకి వెంటనే అర్థం కాలేదు. బయట వరండాలో నడుస్తూ నన్ను మళ్ళీ అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ ఏడవలేదు. తలుపు మూల ఉన్న ముగ్గుపిండి సంచి దగ్గరికి వెళ్ళి నిలబడింది. దాని మూతి గట్టిగా కట్టేసింది. దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ కట్టింది. తర్వాత ఎక్కడ పడేయాలో తెలియలేదు ఆవిడకి.

"పిల్లలాడుకునే కాడ పారెయ్యకండి," అంది నాన్నతో.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే అన్నయ్య వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"పింటూ పోయినప్పుడు అనుమానం వచ్చింది."

"మరి ఎందుకు మానలేదు?"

"మానేస్తే ఉందని ఒప్పుకున్నట్టే కదా." పిట్టగోడకి ఆనుకున్నాడు. "ఆదివారం గుడి దాకా ఎక్కగలిగితే నాకది లేదు అనుకునేవాణ్ణి. పింటూ మా మిల్లు మెట్లే ఎక్కలేకపోయేవాడు. నేను దల్మా ఎక్కుతున్నాను. కాబట్టి నాకు లేదు."

తీగ మీద మిగిలిన వాడి చొక్కా తీసి చేతి మీద వేసుకున్నాను.

"ఆ రోజు నువ్వు దాటావు చూడు. అప్పుడు తెలిసిపోయింది."

నా చేతిలో బట్టలు అలాగే ఉన్నాయి. నేను దాటకుండా ఉండాల్సింది అన్నాను. అన్నయ్యకి కోపం వచ్చింది. అదే మొదటిసారి నా మీద కోప్పడడం.

"పాగల్ హై క్యా? నువ్వు ఆగితే నా జబ్బు ఆగుతుందా? ఇంకోసారి ఆ మాట అనకు."

* * *

మర్నాడు నాన్న ఆ ముగ్గుపిండి సంచి స్కూటర్ ముందు పెట్టుకున్నాడు. నన్ను వెనక ఎక్కమన్నాడు. మిల్లు గేటు దాకా వెళ్ళాక గాని ఎక్కడికి వెళ్తున్నామో నాకు తెలియలేదు. గేటు లోపల చెట్లు కూడా సున్నం కొట్టినట్టు ఉన్నాయి.

మేనేజరు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. నాన్న ఎక్స్‌రే చూపించాడు. తన కొడుకు పేరు చెప్పాడు. అతను ఎక్స్‌రే చేతిలోకి తీసుకోనైనా లేదు.

"ఆ పేరున్నవాడు మా దగ్గర పనిచేయలేదు."

"నాలుగేళ్ళు చేశాడు సాబ్. షిఫ్టు చూసుకునేవాడు. మీరు వాణ్ణి పేరు పెట్టి పిలిచేవారట."

"ఠేకేదారు కాంట్రాక్టు మీద తెచ్చే మనుషులు వస్తుంటారు పోతుంటారు. వాళ్ళతో మాకు సంబంధం లేదు."

నాన్న రైల్వేలో ముప్ఫయ్యేళ్ళు యూనియన్ మీటింగులకి వెళ్ళిన మనిషి. గట్టిగా అరుస్తాడేమో అనుకున్నాను. ఆయన స్కూటర్ దగ్గరికి వెళ్ళి సంచి తెచ్చి గేటు ముందు పెట్టాడు. పై ముడి విప్పాడు. లోపలి సంచి కట్టు మీద చెయ్యి వేశాడో లేదో, గేటు దగ్గరున్న వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి మెడలోని గమ్ఛా తువ్వాలు ముక్కు మీదికి లాక్కున్నాడు.

నాన్న చెయ్యి అలాగే ఆగిపోయింది. వాచ్‌మన్ వంక చూశాడు. మేనేజరు వంక చూశాడు.

"ఈళ్ళకి తెలుసు," అన్నాడు తెలుగులో. నాతోనో, తనలో తనో. "ఈళ్ళందరికీ తెలుసు."

సంచి విప్పలేదు. అక్కడే వదిలేసి స్కూటర్ తీశాడు. మానగో వంతెన మీద, "బేగి పోనిత్తే పడిపోతామేమో, గట్టిగా పట్టుకో," అన్నాడు. స్కూటర్ మామూలుగానే నడుస్తోంది.

* * *

మే నెల నడిమధ్యలో అన్నయ్య కొండకి వస్తానన్నాడు.

"మతి పోయిందేటిరా నీకు?" అంది అమ్మ. సైకిలు తాళంచెవి తీసి తన కొంగున కట్టుకుంది.

"ఒక్కసారే అమ్మా. ఎండ రాకముందే తిరిగొచ్చేస్తాం."

అమ్మ నాన్న వంక చూసింది. కాదంటాడని ఆవిడ నమ్మకం. నాన్న చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఎల్లనీ," అన్నాడు. "నాను స్కూటరేసుకుని ఎనకాల ఎల్తాను."

హైవే మీద నాన్న మా ఇద్దరి వెనకే, లారీలకి అడ్డంగా, స్కూటర్ నడుపుకుంటూ వచ్చాడు. అడవి గేటు దగ్గర స్కూటర్లని పైకి పోనివ్వరు. గేటు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

మేం ఎక్కడం మొదలుపెట్టాం. అన్నయ్య అన్నిటికన్నా చిన్న గేరులో పెట్టుకుని, నడిచే మనిషంత మెల్లగా తొక్కుతున్నాడు. నేను వెనక ఉన్నాను. దాటకుండా ఉండడానికి నా సైకిలుని పాములా మెలికలు తిప్పుతున్నాను. ఏనుగులు రాత్రి విరిచిన కొమ్మలు రోడ్డు మీద పడి ఉన్నాయి. అన్నయ్య వాటిని తప్పించుకోవడానికి కూడా బలం లేక వాటి మీంచే పోతున్నాడు. ఆ ఈల చప్పుడు ఇప్పుడు నాకు వెనక నుంచి కూడా వినిపిస్తోంది.

విడిది ఇంకా రాకముందే ఒక కల్వర్టు దగ్గర కాలు కింద పెట్టాడు. నేనూ ఆగాను.

"నువ్వెందుకు ఆగావు?"

"ఊరికే."

అన్నయ్య కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. మాట బయటికి రావడానికి కొంతసేపు పట్టింది. వచ్చినప్పుడు అది హిందీ కాదు. అమ్మ మాట్లాడే తెలుగు.

"నా ఎనకాల ఉండకు. ముందుకెల్లు."

"అన్నయ్యా..."

"గుడి దాకా ఎల్లి రా. మజ్జిలో దిగిపోకు."

వెళ్ళాను. వెనక్కి చూడలేదు. విడిది దాటాను, కంకర దాటాను. కళ్ళలోకి చెమటో నీళ్ళో దిగి రోడ్డు అలుక్కుపోతోంది. అయినా ఎక్కడా కాలు కింద పెట్టలేదు. అంత వేగంగా నేను ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదని తర్వాత సమయం లెక్క చూసుకుంటే తెలిసింది. గుడి గోడని చేత్తో తాకి, వెంటనే సైకిలు తిప్పేశాను.

కల్వర్టు దగ్గర అన్నయ్య పక్కన ఒక సంథాల్ ఆదివాసీ ఆవిడ కూర్చుని ఉంది. కట్టెల మోపు పక్కన దించుకుంది. తన సీసాలో నీళ్ళు వాడికి పట్టిస్తూ, రెండో చేత్తో వీపు రాస్తోంది. నన్ను చూసి లేచి, మోపు తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

"ఎక్కావా?"

"ఎక్కాను."

"పైన గాలి ఉందా?"

"ఉంది."

అన్నయ్య తల ఊపాడు. ఇద్దరం సైకిళ్ళు ఎక్కాం. దిగడానికి ఊపిరితో పని లేదు. ఒక్క మలుపు దాటాక అన్నయ్య బ్రేకులు వదిలేశాడు. వంగి, మోచేతులు ముడుచుకుని, ప్రతి మలుపునీ పాతరోజుల్లాగే కోసుకుంటూ పోయాడు. నేను ఎంత ప్రయత్నించినా అందుకోలేకపోయాను. గేటు దగ్గరికి నాకన్నా ముందు వాడే వచ్చాడు.

నాన్న బెంచీ మీంచి లేచి నిలబడి ఉన్నాడు. అంత వేగంగా వచ్చిన కొడుకుని చూసి ఆయన మొహం వెలిగింది.

"గుడి కాడికి ఎక్కీసినావేటిరా?" అన్నాడు.

నేను ఏమని చెప్పాలా అని చూస్తుంటే అన్నయ్యే చెప్పాడు.

"నేదు నాన్నా. సగం కూడా ఎక్కనేదు."

నాన్న ఇంకో టీ చెప్పాడు. గ్లాసు అన్నయ్య చేతికిచ్చి, వాడు తాగడం పూర్తయ్యేదాకా సైకిలు తనే పట్టుకుని నిలబడ్డాడు.

* * *

ఎంపిక నాటికి అన్నయ్య ముందు గదిలో మంచానికే పరిమితమయ్యాడు. లోకో షెడ్ వాళ్ళు ఎక్కణ్ణుంచో ఆక్సిజన్ మిషన్ తెచ్చిపెట్టారు. అది రోజంతా గుర్రుమంటూనే ఉండేది. అమ్మ ఆ చప్పుడుకి అలవాటుపడి, కరెంటు పోయి అది ఆగినప్పుడే ఉలిక్కిపడి లేచేది.

నేను వెళ్ళనన్నాను. నాన్న నా సైకిలు టైర్లకి గాలి కొట్టి గుమ్మం ముందు పెట్టాడు. వెళ్ళాను.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య దిండ్ల మీద లేచి కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విప్పకముందే అడిగాడు.

"ఎన్నో స్థానం?"

"నాలుగు."

"ముగ్గురినే కదా తీసుకునేది."

"అవును."

కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "ఎక్కడ పోయింది?"

"గుడి కనిపించాక. ఒక రాంచీ అమ్మాయి దాటింది. కాళ్ళు పట్టేశాయి."

"నీళ్ళు తాగావా?"

"ఆగితే వెనకబడతానని తాగలేదు."

"అదే తప్పు." మళ్ళీ ఊపిరి. "వచ్చే ఏడు విడిది దగ్గర తాగు. వెనకబడినా పరవాలేదు, తాగు."

వచ్చే ఏడు అనగానే, కింద కూర్చుని వాడికి బత్తాయి ఒలుస్తున్న అమ్మ ఆ తొనలు అలాగే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"సరే," అన్నాను.

అన్నయ్య ఆ వానాకాలం దాటలేదు. వినాయక చవితి ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం, మిషన్ నడుస్తుండగానే పోయాడు. మిల్లు మూసేశారని, ఇంకో పేరుతో వేరేచోట తెరిచారని తర్వాత విన్నాం. నాన్నకి ఆదివారం నిద్ర లేకుండా పోయింది. పొద్దున్నే లేచి, అక్కడ పనిచేసిన వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ బస్తీలన్నీ తిరుగుతాడు. వస్తానన్నవాళ్ళని స్కూటర్ వెనక ఎక్కించుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాడు. చాలామంది రారు. పని పోతుందని భయం.

మరుసటి ఏడు నేను ఎంపికకి వెళ్ళలేదు. ఆ పై ఏడు వెళ్ళాను. విడిది దగ్గర కాలు కింద పెట్టి, నీళ్ళు తాగి ఎక్కాను. మూడో స్థానం వచ్చింది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ నా మొహం చేతుల్లోకి తీసుకుంది. నాన్న వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టి తెచ్చి నా ముందుంచాడు.

"తిను," అన్నాడు.

నేను తినడం అయ్యేదాకా ఇద్దరూ నా ఎదురుగా కూర్చున్నారు.